బాపట్ల ఉప్పు

ఉప్పు బాటకు మనిషి బయలుదేరుతున్నప్పుడు ఇంట్లో జరగవలసిన పనులు ఇవి. మొగిలి పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్కబెడుతూ చెప్పింది.

ఉప్పు కుండ ఖాళీ చేసి, కడిగి, పొయ్యి పక్కన బోర్లించాలి.

పోయే మనిషికి కొత్త తువ్వాల ఇవ్వాలి. ఉప్పు అందులోనే మూటగట్టి తేవాలి. ఆ మూట నేలకు తగలకూడదు.

బందరు దాకా రైలెక్కినా తప్పు లేదు. బందరు నుంచి మోటుపల్లి దాకా మాత్రం సముద్రం ఒడ్డున కాలినడకనే పోవాలి. ఏరు అడ్డమొస్తే పడవ ఎక్కవచ్చు. బండి ఎక్కకూడదు.

మోటుపల్లి చేరాక అక్కడి ఉప్పు మడిలోంచి తన చేత్తో తనే ఎత్తుకోవాలి.

ఇంట్లో మిగిలిన ఆడమనిషి, ఆ ఉప్పు వచ్చి తన నాలుకకు తగిలేదాకా ఉప్పు ముట్టకూడదు.

ఈ చివరి పనిని ఆమె అన్నిటికంటే తేలిగ్గా చెప్పింది. అది 1962 ఎండాకాలం. నేను పదో తరగతిలోకి వచ్చాను.

వరంగల్ కరీమాబాదులో మొగిలమ్మ ఇల్లూ మా ఇల్లూ గోడకు గోడ. మాకు రక్తసంబంధం లేదు. మా అమ్మ సమ్మమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కనుక నాకు పెద్దమ్మ అయింది. ఆమె తమ్ముడు ఎల్లస్వామి నాకు మామ అయ్యాడు. మొగడు పోయాక ఆమె ఎవరి పంచనా చేరలేదు. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్నే తన దగ్గరికి తెచ్చుకుంది. గంజులో, అంటే ధాన్యం మార్కెట్లో, చాట పట్టి గింజలు చెరిగే పని చేసి అతన్ని చదివించింది. మా వాడలో మొదటి బి.ఏ. అతనే. చరిత్ర చదివాడు, బడిలో మాస్టరు అయ్యాడు.

వాళ్ల పెద్దలు పెరికెద్దుల మీద ఉప్పు తెచ్చిన వాళ్లు. ఎద్దు వీపున రెండు పక్కలా వేలాడే సంచులేసి, ఓరుగల్లు సరుకు బందరులో దించి, అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని మోటుపల్లి దాకా పోయి, ఉప్పు నింపుకుని తిరిగి వచ్చేవాళ్లట. కాకతీయ రాజుల నాడు మోటుపల్లి పెద్ద రేవు. ఆ బాట అప్పటిదేనని పెద్దమ్మ నమ్మకం. రైలు వచ్చి ఎద్దులు పోయాయి, బాట పోయింది. ఆచారం మాత్రం ఆమె నోట్లో మిగిలింది. తమ్ముడు బి.ఏ. పాసైతే ఆ ఒడ్డు బాట మొత్తం నడిపిస్తానని మొక్కుకుంది. పాసయ్యాడు. ఇక నడవాలి.

"ఏం బామ్మర్దీ, చదివింది నువ్వు, మొక్కింది మీ అక్క. నడుమ కాళ్లేం పాపం జేసినయి?" అన్నాడు మా నాయన కట్టయ్య, మామ ప్రయాణం రోజు. నాయన కాజీపేటలో రైల్వే పాయింట్స్‌మన్.

"కాళ్లకు గూడ డిగ్రీ రావాలె గద బావా" అన్నాడు మామ.

మా అమ్మకు నవ్వు రాలేదు. "అక్కా, ఉప్పు లేకుండ ఎట్లుంటవే? ఎండలు జూడు, పెంక మీద ఉన్నట్టున్నది."

"మా నాయనమ్మ ఉండలేదా? ఎద్దులు మల్లి వచ్చేదాక ఉండేదట."

"మీ నాయనమ్మ సలికాలంల నీడపట్టున గూసున్నదో ఏమొ. నువ్వు గంజుల పొద్దంత ఎండల చెరుగుతవు."

"జర ఫికర్ జెయ్యకు సమ్మీ. వాడు పున్నమికల్ల వస్త అన్నడు. గంతే గద."

మామ ఆ మాట విన్నాడు. "పున్నమికి వస్త అక్కా, పక్కా" అన్నాడు.

నాయన అతన్ని పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు. రైల్వే వాళ్లకు ఉత్తరాల అవసరం ఉండదు. కాజీపేటలో ఒక గార్డు చెవిలో వేసిన మాట డోర్నకల్లో ఇంకో గార్డుకు అందుతుంది, అక్కడి నుంచి బెజవాడ, బెజవాడ నుంచి ఎక్కడికి కావాలంటే అక్కడికి. "ఏమన్న ఉంటె బాపట్ల టేషన్లకు కబురు పెడత. ఒడ్డు ఎంబడి పోతాంటె నీకు రైలు దగ్గరయ్యేది గక్కడనే. టేషన్లకు వచ్చి కాజీపేట కట్టయ్య అని నా పేరు జెప్పు. మర్వకు."

మామ బందరులో రైలు దిగి నడక మొదలుపెట్టాడు. ఆ నడక సంగతులు ఆయన నాకు తర్వాత చెప్పినవే. మొదట్లో ఇసుకలో కాలు దిగబడి పిక్కలు గుంజాయట. రెండో రోజుకు తడి ఇసుక మీద నడవడం తెలిసిందట. కృష్ణ సముద్రంలో కలిసేచోట పడవ మీద దాటాడు. నిజాంపట్నం దాటాక ఒక పల్లెలో రాత్రి ఆగాడు. అక్కడ ఒక ముసలి హెడ్మాస్టరు ఉన్నాడు. ఈయన చరిత్రలో బి.ఏ. అని తెలిసి, పొలం గట్టున సగం పూడిన రాయి ఒకటి చూపించాడు. దాని మీద పాత అక్షరాలున్నాయి.

ఆ రాయి కడగడం, అక్షరాలు రాసుకోవడం ఒక రోజు పట్టింది. సాయంత్రం ఊరివాళ్లు చావడి దగ్గర కూడారు. ఓరుగల్లు నుంచి వచ్చిన సారు, తాతల బాట నడుస్తున్న సారు మాట్లాడతాడని హెడ్మాస్టరు చాటించాడు. మామ మాట్లాడాడు. మర్నాడు పక్క ఊరివాళ్లు పిలిచారు. ఆ మర్నాడు ఇంకో రాయి బయటపడింది. రోజుకొక ఇంట్లో భోజనం, విస్తరి నిండా కూరలు.

"అక్క ఉప్పు లేని గటక తింటాందన్న సంగతి గప్పుడు యాదికి రాలేదు" అని నాకు చెప్పాడు మామ. "యాదికొచ్చింది. పక్కన పెట్టిన" అని తనే దిద్దుకున్నాడు.

పున్నమి వచ్చి పోయింది. మామ రాలేదు.

పున్నమి తర్వాతి రెండో రోజు పెద్దమ్మ గంజులో మక్కల కుప్ప పక్కన పడిపోయింది. అంతకు ముందు నుంచే వాంతులు, కాళ్లు పట్టెయ్యడం ఉన్నాయట, ఎవరికీ చెప్పలేదు. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయేటప్పటికి మా అమ్మను గుర్తుపట్టలేదు. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోయింది, అదే రోగం, అదే మందు అన్నాడు డాక్టరు. ఉప్పు కలిపిన నీళ్లు నోటికి పెడితే పళ్లు బిగించింది. సీసా తగిలించి చేతికి సూది గుచ్చారు. తెలివి వచ్చి నర్సును అడిగింది.

"గా నీళ్లల్ల ఏమున్నది బిడ్డా?"

"ఉప్పు నీళ్లే అమ్మా" అంది నర్సు. పాపం, ఆమెకేం తెలుసు.

పెద్దమ్మ సూది పీకేసింది. రెండోసారి గుచ్చితే రెండోసారి పీకింది. "నా తమ్ముడు తెస్తాండు. నా తమ్ముడు తెచ్చేదే తింట. నడుమల తింటె వాని బాట తెగుతది" అన్నది. ఆ తర్వాత మాట తడబడింది.

నాయన ఆ సాయంత్రమే కబురు పంపాడు.

మామ సూర్యలంక దగ్గర ఒడ్డు వదిలి బాపట్ల స్టేషనుకు వచ్చేసరికి ఆ కబురు అక్కడ కాచుకుని ఉంది. పోర్టరు ఒకతను పరుగున వచ్చాడు.

"వరంగల్ ఎల్లస్వామి గారంటే మీరేనాండీ? నిన్నట్నుంచి జోలె తగిలించుకున్న ప్రతోణ్నీ అడుగుతున్నానండి. కాజీపేట కట్టయ్య గారి కబురు. మీ అక్కగారు ఆస్పత్రిలో ఉన్నారంట. ఉప్పు ముట్టనంటున్నారంట. మీరు ఉప్పు తెస్తేగాని బతకదని చెప్పమన్నారండి."

"బెజవాడ దిక్కు రైలు ఎప్పుడున్నది?"

"ఇప్పుడే వస్తదండి. తప్పితే మళ్లీ రాత్రికే."

మోటుపల్లి ఇంకా ఒకటిన్నర రోజు నడక. అక్కడికి పోయి, ఉప్పెత్తుకుని, రైలు పట్టుకుని వరంగల్ చేరేసరికి మూడు రోజులు దాటుతుంది. ఉత్తచేతులతో పోతే ఆమె నోరు తెరవదు. స్టేషను ఎదురుగా ఒక కిరాణా దుకాణం ఉంది. మామ అందులోకి పోయి ఉప్పు అడిగాడు. దుకాణదారు కాగితంలో పొట్లం కట్టబోతే, "కాయితంల వద్దు, గిండ్ల పొయ్యి" అని కొత్త తువ్వాల పట్టాడు.

"కొత్త గుడ్డ పాడైపోద్దయ్యా" అన్నాడు దుకాణదారు. మామ మూట నేలకు తగలకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడం చూసి, "ఉప్పేనయ్యా అది, బంగారం కాదు" అని నవ్వాడు.

దవాఖానలో నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. మామ వచ్చినప్పుడు ఆయన పాదాలకు ఇంకా ఇసుక ఉంది. గడ్డం పెరిగింది. పెద్దమ్మ కళ్లు తెరిచి చాలాసేపు చూసింది.

"నడిచినవా?"

"నడిచిన అక్కా."

"మోటుపల్లి ముట్టినవా?"

మామ మా నాయన వైపు చూశాడు. నాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ముట్టిన."

పెద్దమ్మ నోరు తెరిచింది. మామ మూట విప్పి రెండు గింజలు ఆమె నాలుక మీద పెట్టాడు. ఆమె చప్పరించి, కళ్లు మూసుకుని, "ఇగ గా సూది ఏసుకోమను" అన్నది. మా అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కబురు బాపట్లలో అందిన మనిషి మర్నాడే వరంగల్లో ఉన్నాడంటే మోటుపల్లి పోలేదని రైల్వే మనిషికి వేరే చెప్పాలా? నాయన బయట నల్లా దగ్గర మామతో ఒక్క మాటే అన్నాడట. "నేనెవ్వలికి జెప్ప. మనిషి బతికింది, సాలు." మామ నల్లా కింద కాళ్లు కడుక్కుంటూ ఉండిపోయాడట. ఇసుక ఎప్పుడో పోయింది, కడుగుతూనే ఉన్నాడని నాయన చెప్పాడు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ కుండను నిలబెట్టి అందులో ఆ ఉప్పు పోసింది. ఒంట్లో బలం వచ్చేసరికి వాడంతా చెప్పింది. మా తమ్ముడు తాతల బాట నడిచిండు, నేను సావు దగ్గరికి పోయినా బాట తెగనియ్యలేదు. మామను అందరూ ఉప్పు సారు అనడం మొదలుపెట్టారు. బడి వార్షికోత్సవంలో దండ వేసి మాట్లాడమన్నారు. మామ పుస్తకాల్లో చదివింది చెప్పాడు. మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన శాసన స్తంభం అలల ముందు ఎలా నిలబడి ఉందో కూడా చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వారం ఆయన ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు.

"ఉప్పు తక్కువైందారా?" అని అడిగేది పెద్దమ్మ.

"సరిపోయింది."

"మరి తిను. నువ్వు దెచ్చిందే గద."

మార్చిలో మెట్రిక్ పరీక్షలు. మొదటి రోజు పొద్దున్నే పెద్దమ్మ కుండ చంకన పెట్టుకుని పరీక్ష రాసే పిల్లలున్న ప్రతి ఇంటికీ పోయింది. నడిచి తెచ్చిన ఉప్పు, చదువు కోసం మొక్కిన ఉప్పు. చిటికెడు నాలుక మీద వేసి, నెత్తి నిమిరి పంపింది. మా ఇంటికి వచ్చినప్పుడు నాకు కొంచెం ఎక్కువే వేసింది.

నేను ఇక్కడ నిజం చెప్పాలి. ఆల్జీబ్రా నాకు రాదు. ఆ ఉప్పు ఉందిలే అని చివరి నెల దాని జోలికే పోలేదు.

వాడలో ఆరుగురం రాస్తే ఐదుగురు పాసయ్యారు. అందరూ మగపిల్లలు. నేను తప్పాను.

"గంత ఉప్పు దిని గూడ తప్పినవంటె నీ నొసట చదువు రాయలేదన్నట్టు" అన్నది అమ్మ. కొట్టలేదు, తిట్టలేదు. పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టింది. మర్నాడు నన్ను పెద్దమ్మ వెంట గంజుకు పంపింది.

మామ మా ఇంటికి వచ్చాడు. "సమ్మక్కా, పిల్లను ఇంకొక్కసారి రాయనియ్యి. లెక్కలు నేను జెప్త."

"నువ్వు జెప్పుడెందుకు తమ్మీ, నువ్వు దెచ్చిన ఉప్పే పనిజెయ్యకపాయె. అందరికి పనిజేసింది, దీనికి జెయ్యలే. ఇగ మనమేం జేస్తం?"

మామ నోరు తెరిచాడు. నాయన పీట మీద కూర్చుని బీడీ వెలిగిస్తూ తలెత్తలేదు. ఇద్దరిలో ఏ ఒక్కరు ఒక్క మాట అన్నా నా పుస్తకాలు అటక దిగేవి. నాయనకు తను ఇచ్చిన మాట అడ్డం. మామకు భయం అడ్డం. ఆయన భయం సిగ్గు గురించి కాదని నాకు తర్వాత అర్థమైంది. ఉప్పు అబద్ధమని తెలిస్తే పెద్దమ్మ ఆ క్షణమే కుండ బోర్లిస్తుంది. జూన్ వచ్చినా వాన పడలేదు, ఎండ ఎండలాగే ఉంది. ఈసారి బతకదు.

పెద్దమ్మ కూడా నా పక్కన చాట పట్టుకుని, "అందరికి రాదు బిడ్డా సదువు. బాధవడకు. నాకొచ్చిందా?" అని ఓదార్చేది. ఆ ఓదార్పు విన్నప్పుడల్లా నేను ఇంకా గట్టిగా చెరిగేదాన్ని.

దసరా సెలవులు రాగానే, గుంటూరులో టీచర్ల క్యాంపు ఉందని చెప్పి మామ బయలుదేరాడు. పెట్టెలో పాత తువ్వాల ఉతికి పెట్టుకున్నాడు. ఇంట్లో ఆఖరి భోజనం అయ్యాక ఉప్పు మానేశాడు. ఆమెకు చెప్పకుండా, ఆమె బదులు.

బాపట్లలో దిగి సూర్యలంక పోయి, పోయినసారి ఒడ్డు వదిలిన చోటే నిలబడ్డాడు. అక్కడి నుంచి నడిచాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు, ఎవరికీ తన చదువు చెప్పలేదు. వాన పడి ఒడ్డంతా గట్టిగా ఉంది. ఎడమ పక్క సముద్రం మట్టిరంగులో ఉంది. ఓడరేవు దగ్గర వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు పిలిచి కూర్చోబెట్టారు. ఒక ముసలావిడ చేపల పులుసు పోసి అన్నం పెట్టబోయింది.

"అమ్మా, నాకు ఉత్త అన్నం సాలు. ఉప్పు తినను."

"ఏందయ్యో ఇది! సముద్రం ముందు కూసుని ఉప్పు వద్దంటాడు!" ఆమె వల దగ్గరున్న మొగుణ్ని కేకేసింది. "ఇదిగో, విన్నావా? మొక్కేనా బాబూ?"

"మా అక్క మొక్కు."

"అక్క మొక్కితే నువ్వెందుకు మానేశావు?"

ఆమె మళ్లీ అడగలేదు. గంజి వార్చి, ఉత్త అన్నం మీద పోసి ఇచ్చింది.

మర్నాడు మోటుపల్లి చేరాడు. రేవు లేదు. ఓడలు లేవు. సముద్రం ఊరికి దూరంగా జరిగిపోయింది. శాసన స్తంభం అలల ముందు లేదు, గుడి దగ్గర ఉంది. దాని నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. తుఫానుకు ఓడ ఒడ్డున పడినా అందులోని సరుకు తీసుకోనని రాజు పైదేశపు వర్తకులకు అభయమిచ్చిన రాయి అది. వార్షికోత్సవంలో ఈ మాటే గొంతెత్తి చెప్పాడు. ఇప్పుడు రాయిని చేత్తో తాకాడు, కాగితం తీయలేదు. ఏ తుఫానూ లేకుండా ఇంటిని ఒడ్డున పడేసినవాడికి అందులో ఏమీ రాసి లేదని నాతో అన్నాడు.

అక్కడి నుంచి ఉప్పు మడులకు పోయాడు. వానలకు మడుల్లో పని లేదు. ఉప్పు కుప్పలు పోసి తాటాకులు కప్పారు. మడి నుంచి ఎత్తుకోవాలని ఆచారం. మడిలో నీళ్లు తప్ప ఏమీ లేవు. కాపలా మనిషి దయతలచి ఒక మడి గట్టు చూపించాడు. ఎండాకాలంలో పేరుకుని, వానకు కరగగా మిగిలిన పెచ్చులు దానికి అంటుకుని ఉన్నాయి. మామ మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో గీకాడు. మట్టి కలిసిన నల్లటి ఉప్పు. గుప్పెడైనా రాలేదు.

తువ్వాలలో కట్టుకుని లేచాడు. బాట ముగిసింది. సంతోషం వస్తుందేమోనని కొంతసేపు నిలబడి చూశాడట. రాలేదు. ఒక గోరు విరిగి రక్తం కారుతోంది, దానికి ఉప్పు తగిలి మండుతోంది. అదొక్కటే తెలిసిందట.

మామ తిరిగొచ్చేసరికి వాడలో బతుకమ్మ పండుగ. నేనూ పెద్దమ్మా వాళ్ల అరుగు మీద కూర్చుని తంగేడు పూలు వేరుచేస్తున్నాం. మామ చెప్పులు విడిచి మా ముందు నేల మీద కూర్చున్నాడు. మూట మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు.

"క్యాంపు అయిపాయెనా?" అన్నది పెద్దమ్మ.

"క్యాంపు లేదక్కా. మోటుపల్లి పోయిన."

"మల్లెందుకు?"

"మల్ల గాదు. గిదే మొదలు."

పెద్దమ్మ చేతిలోని పువ్వు కింద పెట్టింది. మామ మొత్తం చెప్పాడు. రాయి దగ్గర ఆగిన రోజులతో సహా చెప్పాడు. ఆమె మధ్యలో రెండే ప్రశ్నలు అడిగింది.

"రైలు యాడ ఎక్కినవు?"

"బాపట్లల."

"మరి గా ఉప్పు?"

"టేషన్ ముంగట దుకాణంల."

ఆమె తన నాలుకను పళ్లతో నొక్కుకున్నట్టు చేసింది. "ముట్టినవా అని అడిగిన గదరా నిన్ను."

"నువ్వు సస్తవని భయమైంది అక్కా."

"సచ్చేదాన్నే గావచ్చు. గా దినం నువ్వు అబద్ధమాడితివని నేనేమన. గని తెల్లారి జెప్పకపోతివి. నెలకు జెప్పకపోతివి. నాతోని ఇల్లిల్లు తిప్పిచ్చినవు..." ఆమె నా చేతులు చూస్తోంది. చాట అంచు ఒరిసీ ఒరిసీ నా బొటనవేళ్లు రెండూ కాయలు కాచి ఉన్నాయి. "ఈ పిల్లకు రాత లేదని జెప్పిన నేను. నా నోటితోని జెప్పిన. ఎవ్వల రాతరా అది?"

మామ మూట ముందుకు చాపాడు. ఆమె తీసుకోలేదు. లోపలికి పోయి పాత కుండ తెచ్చింది.

"పెద్దమ్మా, పూలు..." అన్నాను.

"పూలు ఆగుతయి. లే."

ముందు మా ఇంటికే వచ్చింది. అమ్మ పిండి కలుపుతోంది. నాయన డ్యూటీకి బట్టలు వేసుకుంటున్నాడు.

"సమ్మీ, నేను నీ పిల్లకు వెట్టింది బాపట్ల దుకాణం ఉప్పు. నా తమ్ముడు మోటుపల్లి పోలేదు. అబద్ధం జెప్పిండు, అది నేను నీకు జెప్పిన. పిల్ల తప్పింది లెక్కలు రాక, రాత లేక గాదు. పుస్తకాలు దించు."

అమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మామ వైపు చూడలేదు, మా నాయన వైపు తిరిగింది. "కబురు వంపింది నువ్వే గద? నీకు ఎరికేనా?"

నాయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"బెజవాడ దాక కబుర్లు మోస్తవు. గీ పొయ్యి దగ్గరికి ఒక్క కబురు మొయ్యరాలేదా నీకు? కన్నబిడ్డ ఎండల చెరుగుతాంటె బీడీ తాక్కుంట కూసున్నవా?"

"మనిషి పానం అని..." అన్నాడు నాయన.

"నా బిడ్డది పానం గాదా?"

నాయన స్టూలు వేసుకుని అటక మీది నుంచి పుస్తకాలు దించాడు. దుమ్ము తన టోపీతో తుడిచాడు.

పెద్దమ్మ అక్కడితో ఆగలేదు. బతుకమ్మ ఆటకు ఆడవాళ్లంతా ఒక్కచోటికే వస్తారు కదా, అక్కడ ఒక్కసారే చెప్పొచ్చు కదా అన్నది అమ్మ. "ఇంటింటికి పోయి వెట్టిన. ఇంటింటికి పోయే జెప్పాలె" అన్నది పెద్దమ్మ. నేను వెంట పోయాను. మామ పది అడుగులు వెనక నడిచాడు. కొందరు నవ్వారు. "మావోడు పాసయిండు గదక్కా, ఏ ఉప్పయితేంది?" అన్నది ఒకామె. ఇంకొకామె, "గిది గట్టిగ జెప్పకు, వాని నౌకరికి ఏమన్న అయితదేమొ" అని తలుపు దగ్గరికి వేసింది. ఒక ముసలాయన మామను చూసి కావాలనే ఉప్పు సారూ, నమస్తే అన్నాడు. మామ నమస్కారం చేశాడు. పెద్దమ్మ అందరికీ అదే మాట, అదే గొంతుతో చెప్పింది. ప్రతి ఇంట్లో తప్పు తనది అన్నట్టే చెప్పింది. ఆ వెనక నడిచిన దూరం బందరు బాట కంటే పొడుగని మామ అంటాడు.

చివరికి కుండలో మిగిలిన ఉప్పు మోరీలో పారబోసి, కుండ కడిగి, పొయ్యి పక్కన బోర్లించింది.

మామ ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "అక్కా, నడిచినన్ని దినాలు నీ బదులు నేను మానేసిన. అయిపోయింది. వద్దు."

"నా మొక్కు నువ్వెట్ల తీరుస్తవురా? దొంగ ఉప్పు దిని నా ఉపాసం నడుమల ఇడిసిన. నువ్వు బాపట్ల నుంచి మోటుపల్లి పోయి వచ్చినన్ని దినాలు మిగిలినయి, అవి నేనే ఉండాలె. సల్లవడ్డది గద, సావను. గంజుకు గూడ పోను, నీడకే ఉంట, సరేనా?"

మిగిలిన దినాలు ఉన్నది. మామ బడికి సెలవు పెట్టి ఆమె పక్కనే కూర్చున్నాడు, తనూ ఉప్పు ముట్టలేదు. మా అమ్మ గంటకొకసారి వచ్చి ఆమె పిక్కలు పట్టి చూసేది. ఉపవాసం తీరిన పొద్దున పెద్దమ్మ ఆ మట్టి ఉప్పు తనే నాలుక మీద వేసుకుంది, తమ్ముడి చేతితో పెట్టించుకోలేదు. మామ చేయి ముందుకు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆమె అతనికి అన్నం వండి పెట్టింది, జ్వరమొస్తే కూర్చున్నది, పెళ్లి చేసింది. నా తమ్ముడు తాతల బాట నడిచిండు అన్న మాట మాత్రం మళ్లీ ఎవరి దగ్గరా అనలేదు. ఆ ఒక్క మాట కోసం మామ కాచుకుని ఉండటం నేను చూశాను.

మామ దగ్గర లెక్కలు చదివి మరుసటి మార్చిలో నేను పాసయ్యాను. పరీక్ష రోజు పొద్దున పెద్దమ్మ వచ్చి నా నెత్తి నిమిరింది. చేతిలో ఏమీ లేదు. "నీకు నేనేం మొక్కలే బిడ్డా. సదివినవు గద, పో" అన్నది. ఆ తర్వాత కాలేజీకి పోయాను. మా వాడలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి ఆడపిల్లను నేను. అది రావడానికి ఆరు నెలల ముందు, ఒక చలికాలంలో, ఆమె నిమోనియాతో పోయింది. ఉప్పు కుండ ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

ఇది చదివేవాళ్లలో ఆ ఒడ్డున నడిచేవాళ్లు ఎవరైనా ఉంటే, మోటుపల్లి దగ్గర మడి గట్టు మీద వంగి చిటికెడు ఉప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు, మా ఎల్లస్వామి మామను కాదు, వరంగల్ గంజులో చాట పట్టిన మొగిలమ్మను ఒక్కసారి తలుచుకోండి.